మొక్కు జుట్టు: ఒక కత్తెర ఆత్మకథ

నేను మీరట్ కత్తెరను. నా రెండు అలుగులూ ఒకప్పుడు పాత లారీకి కమాను పట్టీ. పిడి పోత పోసిన ఇత్తడి. మీరట్‌లో కత్తెరల పని మూడు వందల ఏళ్లకు పైబడ్డది; 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరిగితే సాన పట్టించుకుని వాడుకోవచ్చు, తాత కొన్నది మనవడి చేతికి వస్తుంది అని మాకు పేరు. నా విషయంలో అది నిజమే అయింది. 1970లో మా అయ్య నన్ను మద్రాసులో కొని, రుమాల్లో చుట్టి, రైల్లో సూళ్లూరుపేటకు తెచ్చాడు. ఇప్పుడు ఆయన మనవడి చేతిలో ఉన్నాను.

మా క్షవరం కొట్టు రైల్వే గేటుకు పోయే దారిలో ఉండేది. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక బల్ల, ఒక రేడియో. అద్దానికి ఎదురుగోడ మీద ఒక పాత పటం. అందులో ఉన్నది అయ్యకు తాత. ఒంటి మీద ఉత్తరీయం, చేతిలో నాదస్వరం, తల మీద పక్కకు వేసిన పెద్ద ముడి. నాయీ బ్రాహ్మణులకు క్షవరమూ మంగళవాద్యమూ రెండూ కులవృత్తులే గదా. పొద్దున కత్తి పట్టిన చెయ్యే సాయంత్రం చెంగాళమ్మ గుడి ముందు నాదస్వరం పట్టేది. ఆ ముడి విప్పితే జుట్టు నడుం దాకా వచ్చేదని అయ్య చెప్పేవాడు. కచేరీకి వచ్చినవాళ్లెవరూ 'ఆ జుట్టేంది, మగాడివేనా' అని ఆయన్ని అడగలేదు. అడిగే ఆలోచనే ఎవరికీ లేదు. త్యాగయ్య పటం ఏ ఇంట్లో చూసినా ఆయన తల మీదా ముడే ఉంటుంది. సంగీతం తెలిసినవాడికి జుట్టుండటం ఈ నేలకు పాత సంగతి.

ఆ పెద్దాయన కొడుకు, అంటే అయ్య నాయన, కుర్రతనంలో ఎవరికీ చెప్పకుండా ముడి తీయించేసి క్రాపు పెట్టించుకున్నాడు. ఇంటికొస్తే చింతబరికెతో వీపు చిట్లగొట్టారు. దొరల వేషమని, పెళ్లి పందిట్లో వాయించడానికి పనికిరావని కొన్నాళ్లు దూరం పెట్టారు. ఈ కథ అయ్య చాలాసార్లు చెప్పగా విన్నాను. జుట్టు తీయించుకున్నందుకు దెబ్బలు తిన్న కాలం కూడా ఒకటి ఉందని మీరు మరిచిపోకండి. తర్వాత సంగతి దానితోనే ముడిపడి ఉంది.

నేను వచ్చేసరికి క్రాపు పెద్దమనిషి లక్షణం అయిపోయింది. ఒకప్పుడు క్రాపు కోసం దెబ్బలు తిన్న తరమే అప్పటికి కొడుకుల తలల మీద జుట్టు చెవులు దాటితే ఊరుకునేది కాదు. ఆ జుట్టుకు 'హిప్పీ' అని పేరొచ్చింది. జులపాలుంటే జులాయి కిందే లెక్క. 1971లో దేవానంద్ తీసిన 'హరే రామ హరే కృష్ణ' సినిమా చూసొచ్చిన పెద్దవాళ్లకు జుట్టు పెంచినవాడల్లా గంజాయి తాగేవాడుగానే కనిపించాడు. వాళ్ల భయం ఉత్తదని నేననను. ఉద్యోగానికి పోతే ముందు తలే చూసేవాళ్లు. ఒక్కగానొక్క కొడుకు చేతికి రాకుండా పోతాడేమోనన్న బెంగ ఏ తండ్రికైనా ఉంటుంది. కానీ ఆ బెంగ నేరుగా నా నోటి దగ్గరికే వచ్చేది.

ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు. అమెరికాలో 1958లో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని సైన్యంలో చేర్చుకుని తల కత్తిరిస్తుంటే ఫోటోలు తీయడానికి పత్రికలవాళ్లు చుట్టూ మూగారు. 1964లో బీటిల్స్ అక్కడ అడుగుపెట్టినప్పుడు పాటల గురించి ఎంత రాశారో వాళ్ల జుట్టు గురించీ అంతే రాశారు. ఇప్పుడు ఆ ఫోటోలు చూస్తే నుదుటి మీద పడిన జుట్టే తప్ప అందులో పొడవేమీ కనిపించదు. ఆ తర్వాత ఐదారేళ్లకే అది భుజాలు దాటింది. సింగపూర్‌లో ప్రభుత్వ కార్యాలయాల్లో బోర్డులు పెట్టారు: జుట్టు పెంచిన మగవాళ్ల పని చివర్న చూస్తాం అని. చెవుల మీద ఎంత, కాలరు మీద ఎంత, కనుబొమల మీద ఎంత ఉంటే పొడవో బొమ్మలు వేసి మరీ చూపించారు. 1972లో లెడ్ జెప్లిన్ రాక్ బృందం ఆ జుట్టు వల్లే అక్కడ పాడకుండా వెళ్లిపోవాల్సొచ్చింది. దక్షిణ కొరియాలో 1973లో చట్టమే తెచ్చి, పోలీసులు వీధుల్లో కుర్రాళ్లను ఆపి కత్తెరలతో జుట్టు తీసేశారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే. మా జాతి పని కోరినవాడికి తల చక్కదిద్దడం. లాఠీ పక్కన వేలాడటం కాదు.

ఆ పాటలూ ఆ జుట్టూ మా ఊరికి వచ్చింది మద్రాసు నుంచే. మా ఊరి నుంచి మద్రాసు రైల్లో ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. సెంట్రల్‌లో దిగితే పక్కనే మూర్ మార్కెట్. పాత పుస్తకాలు, పాత రికార్డులు అక్కడ దొరికేవి. చదువుకోడానికి పోయిన మా ఊరి కుర్రాళ్లు డబ్బులు కూడబెట్టి ఎవరో వాడి అమ్మేసిన డీప్ పర్పుల్, లెడ్ జెప్లిన్ రికార్డులు తెచ్చుకునేవాళ్లు. వినడానికి ఇంట్లో ప్లేయర్ లేనివాళ్లు అట్ట మీద బొమ్మ చూసే తృప్తి పడేవాళ్లు. ఆ బొమ్మలు మా కొట్టుకీ వచ్చేవి. 'అన్నా, ఇట్టా పెరగనీ, కొసలు మాత్రం తియ్యి' అని చూపించేవాళ్లు. 1985లో మూర్ మార్కెట్ తగలబడింది. ఇప్పుడు మా సూళ్లూరుపేట లోకల్ రైళ్లు ఆగేది ఆ చోట కట్టిన స్టేషన్లోనే. దానికి ఇంకా మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పేరు. రోజూ దిగేవాళ్లలో ఎంతమందికి ఆ రికార్డుల దుకాణాలు గుర్తున్నాయో.

ఆ కుర్రాళ్లలో ఒకడి గురించి చెప్పాలి. నన్ను ఇప్పటికీ వదలని సంగతి అది.

1978, ఒక ఆదివారం. బడిలో పాఠం చెప్పే ఆయన కొడుకును రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. కుర్రాడు మద్రాసులో డిగ్రీ చదువుతున్నాడు, గిటారు నేర్చుకున్నాడు. జుట్టు భుజాల మీద పడుతోంది. 'మొక్కుండాది, తిరపతిలో ఇయ్యాల' అని వాళ్లమ్మ ఏడాదిగా ఇరుగుపొరుగుకు చెప్పుకొస్తోంది. మొక్కు జుట్టంటే ఎవరూ ఎదురు మాట్లాడరు. దేవుడి కోసం పెరిగే జుట్టుకు ఊరంతా దండం పెడుతుంది. అదే జుట్టు, అదే పొడవు, పాట కోసం అంటే మటుకు తిడుతుంది. ఈ తేడా ఎందుకో నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

'మిలిట్రీ కటింగ్ కొట్టెయ్యప్పా' అన్నాడు తండ్రి.

'మొక్కుండాదని అమ్మగారు చెప్పినారే అయ్యవారూ' అన్నాడు అయ్య.

'మొక్కూ లేదు, పాడూ లేదు. నువ్వు కానీ.'

అయ్య కుర్రాడి మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టాడు. నీళ్లు చిమ్మాడు. దువ్వెనతో ఒక పాయ పైకెత్తి రెండు వేళ్ల మధ్య బిగించి, నన్ను దగ్గరికి తెచ్చాడు. పొట్టి జుట్టు కోసేటప్పుడు నా చప్పుడు పిచ్చుక కూతలా తేలిగ్గా ఉంటుంది. తడిసిన పొడుగు పాయను కోస్తే అట్లా ఉండదు. అలుగులు మొదలు నుంచి కొస దాకా బరువుగా జరుగుతాయి, పీచు తెంపినట్టు ఒక్కో వెంట్రుకా తెగడం తెలుస్తుంది. మొదటి పాయ ఒళ్లో పడింది. కుర్రాడు ఏడవలేదు. అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. అద్దంలో అతని తల వెనక ఎదురుగోడ మీది పటం కనిపిస్తోంది.

'ఆయనెవరన్నా?'

'మా తాత. నాదస్వరం వాయించేటోడు.'

'ఆయన్ని ఎవరూ ఏమీ అన్లేదా?'

అయ్య చెయ్యి ఆగింది. నేను సగం తెరిచిన నోటితో గాల్లో ఉండిపోయాను. తండ్రి 'కానీ, కానీ' అన్నాడు. మళ్లీ మొదలైంది. జవాబు మటుకు రాలేదు. అయిపోయాక కుర్రాడు గుడ్డ మీది పాయల్లో ఒకటి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, తండ్రి వెనకే నడిచిపోయాడు.

చీకటి పడ్డాక వాళ్లమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. 'ఆ ఎంట్రుకలు ఊడ్చి పారేసినారా నాయనా?' అని అడిగింది. అయ్య పారేయలేదు, కాగితంలో చుట్టి బల్ల కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి. ఆమె ఆ పొట్లం కళ్లకద్దుకుంది. 'సామి పేరు చెప్పి అబద్ధమాడినా. ఇప్పుడు నిజం చేసుకోవాల' అంది. ఆ శనివారమే కొండకు పోయి కల్యాణకట్టలో అప్పజెప్పి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు మళ్లీ మా కొట్టుకు రాలేదు.

ఆ తర్వాత అయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎంత తీయాలని కుర్చీ వెనక నిలబడ్డవాళ్లను అడగడం మానేశాడు. కూర్చున్నవాణ్ణే అడిగేవాడు. దానివల్ల కొన్ని ఇళ్లవాళ్లు వేరే కొట్టుకు పోయారు. ఆయన బాధపడలేదు.

జుట్టు విషయంలో ఊరు మారడానికి కారణాలు చాలా ఉన్నాయి. మా ఊరి దగ్గరున్న శ్రీహరికోటలో 1971లో మొదటి రాకెట్ లేచిన దగ్గర్నుంచీ దేశం నలుమూలల వాళ్లూ మా ఊరి మీదుగా పోయి రావడం మొదలైంది. వాళ్లలో అబ్దుల్ కలాం గారూ ఉన్నారు. ఎస్.ఎల్.వి.-3 రాకెట్ ఆయన చేతుల మీదుగానే 1980 జూలైలో విజయవంతమైంది. ఆయన మా కొట్టుకు వచ్చారని గొప్పలు చెప్పను, రాలేదు. కానీ 2002లో రాష్ట్రపతి అయ్యాక చెవుల కిందికి దిగిన ఆ వెండి జుట్టును టీవీలో చూస్తూ, బల్ల మీద కూర్చున్న పెద్దవాళ్లు 'మన కోట సారు' అని మురిసిపోయారు. ఆయన వీణ కూడా వాయించేవారని చెప్పుకున్నారు. జుట్టు పెంచినవాడు పనికిరాడన్న మాట ఆ తర్వాత మా కొట్టులో వినపడటం తగ్గింది.

దానికి ముందే ఏ.ఆర్. రెహమాన్ ఉన్నాడు. మద్రాసు రాక్ బృందాల్లో కీబోర్డు వాయించి, 1992లో 'రోజా'తో వచ్చినప్పుడు ఆయనవీ మెడ దాకా రింగులే. ఆ పాటలు విన్నాక తల్లులకు కూడా ఆ రింగులు ముచ్చటగా కనిపించాయి. తర్వాత 'అతిథి'లో మహేశ్ బాబు, క్రికెట్‌లో ధోనీ, 'బాహుబలి'లో ప్రభాస్. హీరోకు జుట్టుంటే వీరుడు, ఇంట్లో కొడుక్కుంటే ఇంకా కొంచెం గొణుగుడు, అంతే.

రాక్ వాళ్లలోనూ అదే తంతు తిరగబడి వచ్చింది. మెటాలికా బృందం 1996లో జుట్టు కత్తిరించుకుని కొత్త ఆల్బమ్‌తో వస్తే, అభిమానులే కోపం తెచ్చుకున్నారు. మోసం చేశారన్నారు. పెంచినందుకు నాన్న కొట్టాడు, తీసేసినందుకు అభిమాని తిట్టాడు. జుడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్ఫోర్డ్ నున్నటి గుండుతోనే దశాబ్దాలుగా హెవీ మెటల్ పాడుతున్నాడు. గొంతుకు జుట్టుతో పనేముంది?

అయ్య పోయి చాలా ఏళ్లయింది. 2022లో మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది, మాట మటుకు నెల్లూరుదే. మనవడి కొట్లో ఏసీ ఉంది, మూడు కుర్చీలున్నాయి, పటం ఇప్పటికీ ఉంది. పొట్టి జుట్టంతా ఇప్పుడు ట్రిమ్మర్లదే. రెండు పక్కలా గీసి పావుగంటలో పంపిస్తారు. పొడుగు జుట్టు కొసలు సరిచేయాలంటే మటుకు ట్రిమ్మర్ పనికిరాదు. అప్పుడు సొరుగు తెరిచి నన్నే తీస్తాడు. తడ సెజ్‌లో పనిచేసే కుర్రాళ్లు, కాలేజీ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాళ్లు, ముడి విప్పి కూర్చుంటారు. ఎన్నో సాన్లు తిని నా అలుగులు సన్నబడ్డాయి. ఈ జుట్టు లేకపోతే నేను ఎప్పుడో పాతసామాన్ల బండి ఎక్కేదాన్ని.

అయ్యా, అమ్మా, మీ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని క్షవరానికి వస్తే, వాడి వెనక నిలబడి కొలత చెప్పకండి. ఎంత తీయాలో వాణ్ణే చెప్పనివ్వండి.