గార పన్ను

ఒంగోలు డాక్టరుగారి దగ్గర నుంచి గుంటూరు ల్యాబుకు ఒక కేసు వచ్చింది. పై వరసలో ఎడమవైపు ముందు పన్ను, ఒక్కటే. చీటీలో షేడ్ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. కింద డాక్టరుగారి చేతిరాత: “పేషెంటు గార పన్నే కావాలంటున్నారు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి.”

టెక్నీషియన్ ఆ చీటీ రెండుసార్లు చదివాడు. షేడ్ గైడులో ఏ1 నుంచి డీ4 దాకా 16 రంగులుంటాయి. ముందు పన్ను కట్టించుకునేవాళ్ళు ఉన్న రంగు కంటే ఒక మెట్టు తెల్లగానే అడుగుతారు. గార అడిగినవాళ్ళు అతనికి ఇంతవరకూ తగల్లేదు. గారకు ఆ గైడులో నంబరే లేదు.

మర్నాడు ఒంగోలు వెళ్ళాడు.

పెద్దాయన కనిగిరి వైపు ఒక ఊరికి సర్పంచి. అరవై దాటాయి. మోటారు సైకిలు మీద నుంచి పడి పన్ను సగానికి విరిగింది. పక్క పళ్ళన్నీ గార పళ్ళే. అక్కడక్కడా తెల్లటి మచ్చలు, వాటి మధ్య అడ్డంగా గోధుమ రంగు పట్టీ. ఆరు పళ్ళకూ పల్చటి పింగాణీ తొడుగులు వేస్తే గారే కనిపించదని డాక్టరుగారు చెప్పి చూశారు. ఆయన ఒప్పుకోలేదు.

“మా ఊళ్ళో పిల్లా పెద్దా అందరి పళ్ళూ ఇట్టాగే ఉంటాయి నాయనా. నా ఒక్కడివే తెల్లగా ఉంటే వాళ్ళ మొహాలు ఎట్టా చూసేది?” అన్నాడు సర్పంచి. “పంచాయతీ ఎలక్షన్లకు నెల కూడా లేదు. ఆలోపు అయిపోవాలి.”

టెక్నీషియన్‌ది దర్శి దగ్గర పల్లె. అక్కడి నీళ్ళూ అవే. 1937లోనే, ఇదంతా నెల్లూరు జిల్లాగా ఉన్న రోజుల్లో, మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు ఈ నీళ్ళలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకల్ని ఏం చేస్తోందో చూసి రాశారు. అతని తండ్రి మెడ తిప్పలేడు. తల్లి కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. అతని ముందు పళ్ళ మీదా ఇదే పట్టీ ఉండేది. చేతికి నాలుగు డబ్బులు రాగానే దాన్ని పింగాణీతో కప్పేసుకున్నాడు. సర్పంచి మాట్లాడుతున్నంతసేపూ అతను పెదవి విప్పలేదు.

నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. అందుకని సర్పంచిని పుక్కిలించమని, కాసేపు నోరు మూసుకోమని చెప్పి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి పక్క పన్నును ఫొటోలు తీశాడు. పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ పల్చబడిందో కాగితం మీద గీసుకున్నాడు.

మొదట తేలికదారి పట్టాడు. పన్నును మామూలుగా చేసి, పైన గోధుమ రంగు పూసి కాల్చాడు. టీ మరక కంటే మెరుగ్గా లేదు. దాన్ని పక్కన పడేశాడు.

గార పన్ను మీద ఉండదు, పన్నులో ఉంటుంది. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ గుల్లగా వస్తుంది. బయటికొచ్చాక ఆ గుల్లలోకి రంగు దిగుతుంది. ముందు పళ్ళ సంగతైతే నాలుగైదేళ్ళ వయసులోపు తాగిన నీళ్ళే లెక్క. ఆ తర్వాత ఎంత మంచినీళ్ళు తాగినా గార పోదు, ఎంత చెడ్డనీళ్ళు తాగినా కొత్తగా రాదు.

కాబట్టి గారను పొరల మధ్యే పెట్టాలి. లిథియం డైసిలికేట్‌తో పన్ను మళ్ళీ పోశాడు. అది గట్టిది. పైన వేసే పొర పింగాణీకి దాని బలంలో నాలుగో వంతు కూడా ఉండదు. అందుకే వెనకవైపు, కింది పళ్ళు తగిలేచోట, దాన్ని ముట్టుకోలేదు. పెదవి వైపు మాత్రం 0.3 మిల్లీమీటర్లు అరగదీశాడు. కోడిగుడ్డు పెంకు మందం. ఆయన బాల్యమంతా ఆ మందంలో పట్టాలి.

పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో ముందు తెల్లటి మచ్చలు పెట్టాడు. వాటి మధ్య గోధుమ పట్టీ. పట్టీ అంచును గీతలా తెగనీయలేదు, పొడి కుంచెతో లాగి చెదరగొట్టాడు. 750 డిగ్రీల దగ్గర కాల్చాడు. కాలితే పింగాణీ కుంచించుకుపోతుంది, పట్టీ పైకి జరిగింది. తీసేసి మళ్ళీ పెట్టాడు. దాని మీద వెలుతురు దూరేంత పల్చగా ఎనామిల్ పొర వేశాడు. కొన అంచున లేత నీలం, చిగురు వైపు ముదురు పసుపు. వయసుతో పన్ను నునుపు తేలుతుంది. అందుకని కుర్రవాళ్ళ పళ్ళ మీదుండే సన్న గీతలు వేయలేదు. పక్క పన్నులో నిలువుగా వెంట్రుకంత బీట ఉంటే, అదీ పెట్టాడు. గ్లేజు మెరుపు ఎక్కువైందనిపించి డైమండ్ పేస్టుతో రుద్ది తగ్గించాడు.

ఆ వారం ల్యాబులో మిగతా కేసులన్నీ వెనకబడ్డాయి. బిల్లులో సామాను ఖర్చే వేశాడు. చేతికూలి వేయలేదు.

పన్ను పెట్టేరోజు తనే ఒంగోలు తీసుకెళ్ళాడు. డాక్టరుగారు పన్ను అతికించి అద్దం చేతికిచ్చారు. సర్పంచి పెదవి ఎత్తి చూసుకున్నాడు. కిటికీ దగ్గరికెళ్ళి చూసుకున్నాడు. గోటితో ఒక పన్ను తట్టాడు, పక్కది తట్టాడు.

“ఇదీ మా నీళ్ళు తాగిన పన్నే” అన్నాడు.

టెక్నీషియన్ చాలా ఏళ్ళ తర్వాత పళ్ళు దాచుకోకుండా నవ్వాడు.

డాక్టరుగారు జాగ్రత్తలు చెబుతుంటే అతను బయటికొచ్చాడు. వరండాలో బెంచీ మీద సర్పంచి మనవడు కూర్చుని ఉన్నాడు. ఎనిమిదేళ్ళుంటాయి. పాల పళ్ళు రాలి, ముందు పళ్ళు రెండూ కొత్తగా దిగాయి. టెక్నీషియన్ వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పాడు. తెల్ల మచ్చ లేదు. పట్టీ లేదు. మళ్ళీ చూశాడు.

“ఎక్కడ చదువుతున్నావురా?”

“మా ఊరి బళ్ళోనే.”

“పుట్టింది?”

“అక్కడే. మా తాత ఇంట్లో.”

టెక్నీషియన్‌కు గొంతు పట్టేసింది. ఈ వార్త అమ్మకు ఫోన్ చేసి చెప్పాలనుకున్నాడు.

“అయితే మీ ఊరికి మంచినీళ్ళు వచ్చేశాయన్నమాట! ఎన్నేళ్ళయిందిరా?”

“ఊళ్ళోకి రావంకుల్” అన్నాడు వాడు. “ట్యాంకరు మా సంపు దాకే వస్తుంది.”