‘రేపట్నుంచి మళ్ళీ’: టీకాతాత్పర్య సహితం

మూలం: “రేపట్నుంచి మళ్ళీ వాకింగ్‌కి వెళ్తా.”

అవతారిక: రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ ఒకానొక కవి మేనకోడలి పెళ్ళికని విజయనగరం వెళ్ళాడు. పదహారు రోజులు పూటపూటకీ బూరెలూ పులిహోరా ఆరగించి, సమతా ఎక్స్‌ప్రెస్ దిగి ఇల్లు చేరి, సోఫాలో కూలబడి పలికిన వాక్యమిది. అంతకుముందు ఆర్నెల్లపాటు ఈ కవి తెలీబాంధా చెరువుగట్టున, ఊరంతా మెరైన్ డ్రైవ్ అని పిలుచుకునే చోట, తెల్లారకముందే చక్కర్లు కొట్టినవాడు. కవికీ వ్యాఖ్యాతకీ ఆధార్ నంబరు ఒకటే కాబట్టి కొంత పక్షపాతం తప్పదు. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. మాకా నిగ్రహమే ఉంటే వాకింగే మానేవాళ్ళం కాదు.

ప్రతిపదార్థం: రేపట్నుంచి = ఇవాళ మాత్రం కాదు అని. వెనకటికి గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం రోజూ వచ్చి, చదువుకుని, బుద్ధిగా వెళ్ళిపోయేదట. ఇక్కడ గోడా కవే, దయ్యమూ కవే. పైగా రోహిణి కార్తె. అందులో మొదటి తొమ్మిది రోజుల్ని ఇక్కడివాళ్ళు నౌతపా అంటారు. రోళ్ళు పగిలే ఎండకి మోకాళ్ళో లెక్కా అని కవిహృదయం. తెల్లవారుజామున ఎండెక్కడిదని అడిగేవారు రసజ్ఞులు కారు.

మళ్ళీ = వాక్యానికి ప్రాణం. మళ్ళడమంటే తిరగడం. సాయంత్రానికి పశువులు ఇంటికి మళ్ళుతాయి, వాటినెవరూ ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయారని అడగరు. కొత్తగా నడక మొదలెట్టేవాడికి ‘మళ్ళీ’ లేదు కనక సిగ్గూ లేదు. మళ్ళేవాడికి మాత్రం గట్టు మీద “కహాఁ థే ఇత్నే దిన్?” అని పలకరించే రిటైర్డు రైల్వే పెద్దమనిషి ఎదురవుతాడు. కవి అసలు భయం ఎండకి కాదు, ఆయనకి. పతంజలి చెప్పిన యోగవిఘ్నాలు తొమ్మిదింటిలో చివరిది అనవస్థితత్వం, అంటే ఎక్కిన మెట్టు మీద నిలవలేకపోవడం. విఘ్నాలూ తొమ్మిదే, నౌతపా రోజులూ తొమ్మిదే. ఈ సామ్యాన్ని కవి ఉద్దేశించలేదు గానీ వాడుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

వాకింగ్‌కి = సుగమం.

వెళ్తా = తద్ధర్మ క్రియ. ‘రోజూ వెళ్తా’ అన్నా, ‘రేపు వెళ్తా’ అన్నా తెలుగులో రూపం ఒకటే. ఉన్న అలవాటుకీ రాబోయే అలవాటుకీ మన భాష తేడా చూపదు. కనక వ్యాకరణరీత్యా కవి అబద్ధమాడలేదు.

పాఠాంతరం: కవి ఇల్లాలు “మళ్ళీ రేపట్నుంచా?” అని చదువుతుంది. అప్పుడు ‘మళ్ళీ’ వాకింగ్‌ని వదిలేసి రేపటికి అతుక్కుంటుంది. ఈ పాఠానికి పాత ప్రతుల బలం ఎక్కువ: 2021 ఏప్రిల్ లాక్‌డౌన్ తర్వాత ఒకసారి, పోయిన దసరా తర్వాత ఒకసారి.

విశేషం: లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి, అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులనీ, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పట్టొచ్చనీ తేల్చింది. మధ్యలో ఒక్కరోజు తప్పితే కొంపేం మునగదనీ చెప్పింది. పదహారు రోజుల మాట అందులో ఉందా అని ఇల్లాలి ఆక్షేపణ. చరకుడు ఇంకా దయగలవాడు. పట్టుబడ్డ చెడుని ఒక్క పెట్టున కాక పాదం పాదంగా వదలమన్నాడు, మంచినీ అలాగే పట్టుకోమన్నాడు. పాదమంటే నాలుగో వంతు, పాదమంటే కాలు: శ్లేష. ఈ ప్రమాణంతో కవి పొద్దుటి పోహాతో తినే నాలుగు జలేబీల్లో ఒకటి ఇల్లాలి పళ్ళెంలో వేశాడు.

తాత్పర్యం: మర్నాడు ఐదున్నరకి కవి చెప్పులేసుకుని, వీధి మొగదాకా నడిచి, దేవభోగ్ పాలప్యాకెట్ పట్టుకొచ్చాడు. తెలీబాంధా దాకా ఉన్న దూరంలో ఇది పాదమా, పాదంలో పాదమా అని లెక్కేస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. వంటింట్లోంచి వినబడింది: “పెరుగేదండీ? మళ్ళీ వెళ్ళండి.”

కవి చెప్పులు విప్పకుండానే వెనక్కి మళ్ళాడు.