ప్రశాంతతకు క్యూ ఇటు

డిసెంబరు వచ్చిందంటే మన్యంలో రెండు పంటలు చేతికొస్తాయి. ఒకటి వలిసె, రెండోది మనం. వలిసెకు పెద్దగా ఏమీ అక్కర్లేదు, కొండవాలున చల్లితే దాని మానాన అది పూస్తుంది. మనకు మాత్రం అల్లం టీ, మ్యాగీ, చార్జింగు పాయింటు, కారు నిలుపుకోవడానికి చోటు, శుభ్రమైన బాత్రూము కావాలి. ఇవన్నీ అమర్చిన చోట నిలబడి, నాలుగు దిక్కులా చూసి, "అబ్బ, ఇక్కడా జనమేనా!" అని నిట్టూరుస్తాం.

ఆ నిట్టూర్పు విడవని పర్యాటకుడు నాకింతవరకు తగల్లేదు. అరకు, లంబసింగి, వంజంగి, ఎక్కడికి వెళ్లినా మనకంటే ముందు వచ్చినవాళ్లంతా జనం. మనం మాత్రం రెండు ఇన్నోవాల్లో, బావమరిది కుటుంబంతో సహా, ప్రశాంతత వెతుక్కుంటూ వచ్చినవాళ్లం. వాళ్లూ అందుకే వచ్చామంటారు గానీ, చేతిలో ఆ స్పీకరు చూస్తే నమ్మబుద్ధి కాదు.

"అరకు పాడైపోయిందండీ, ఇక వెళ్లడం దండగ" అనే పెద్దమనుషులతో నాకు పేచీ ఇక్కడే. జనం వల్ల పాడైపోవడమేమిటి? అక్కడికి మనల్ని లాక్కుపోతున్నదే జనం. ఎవరూ వెళ్లని కొండలు మన్యంలో ఎన్ని లేవు? వాటి మీదా మబ్బులు దిగుతాయి, సూర్యుడు అక్కడా తూర్పునే పొడుస్తాడు. అయినా ఆ కొండల కింద ఒక్క కారూ ఆగదు. టీ కొట్టు లేని చోట ప్రకృతి ఉంటుందని మనకు నమ్మకం లేదు.

వంజంగి సంగతే చూడండి. పాడేరు దగ్గరి ఊరు. కొన్నేళ్ల క్రితం దాకా ఆ కొండ గురించి ఆ చుట్టుపక్కల వాళ్లకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఇప్పుడది మేఘాల కొండ. శీతాకాలంలో శని, ఆదివారాలు తెల్లవారుజామున సెల్‌ఫోన్ లైట్ల వరుస కొండ పొడుగునా పాకుతూ ఉంటుంది. ముందున్నాయన రాయి మీద జారితే వెనకున్న పదిమందీ ఒకే గొంతుతో "జాగ్రత్త" అంటారు. పట్టుకునేవాడు ఉండడు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో సెల్ఫీ స్టిక్కు, పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. పైకి చేరాక ఒక స్పీకర్లో మెలోడీ, మూడు గజాల అవతల ఇంకో స్పీకర్లో మాస్. మధ్యలో ఎవరిదో పుట్టినరోజు, కేకు. ఇంతలో తూర్పున ఎరుపు పాకుతుంది. కింద లోయ నిండా మబ్బు పరుచుకుని, అక్కడక్కడ కొండకొమ్ములు మాత్రం పైకి తేలతాయి. కళ్లు చెదిరే దృశ్యం, ఇందులో వ్యంగ్యమేమీ లేదు. సరిగ్గా ఆ క్షణాన కొండ మీదున్న వాళ్లందరూ, ఎవరో ఆజ్ఞాపించినట్టు, సూర్యుడికి వీపు తిప్పి నిలబడతారు. సెల్ఫీలో ఆయన వెనక ఉండాలి కదా.

మబ్బు దిగని రోజులూ ఉంటాయి. అలాంటి రోజున నగరం నుంచి వచ్చిన ఒకాయన టీ కొట్టతన్ని నిలదీయడం విన్నాను.

"మేఘాలు ఎన్నింటికి వస్తాయి?"

"రేత్రి చలిని బట్టి, వానని బట్టి బాబూ. ఒక్కో రోజు రావు."

"మరి రీల్స్‌లో రోజూ వస్తున్నాయిగా?"

"అందులోకైతే రోజూ వస్తాయి బాబూ."

లంబసింగి పాపంలో మా పత్రికల వాటా పెద్దది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, తన చలి తాను కాచుకుంటూ బతికే ఊరు. ఏటా శీతాకాలంలో "సున్నాకు చేరువలో లంబసింగి" అని మేం శీర్షిక పెడతాం, ఆ వారాంతం కార్లు బారులు తీరతాయి. థర్మామీటరు ఉండేదేమో చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో. పరిశోధనకు పెట్టుకున్న పరికరం పర్యాటకానికి పనికొచ్చింది. ఆంధ్రా కశ్మీర్ అని బిరుదిచ్చిందీ మేమే. ఊటీ బిరుదు అప్పటికే హార్స్‌లీ హిల్స్ తీసేసుకుంది, మిగిలింది ఇచ్చాం.

బొర్రా గుహల్లో ఇంకో ముచ్చట. వీటిని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఓ దొర కనిపెట్టాడని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో. పుట్టకముందే కనిపెట్టిన ఘనత వేరే ఏ శాఖకూ దక్కి ఉండదు. ఇక లోపల గైడు టార్చి వేసి "ఇది మొసలి, ఇది పులి, ఇది తల్లీబిడ్డా" అని చూపిస్తుంటే మనం "ఆఁ ఆఁ, కనిపిస్తోంది" అంటాం. పక్కవాడికి కనిపించి మనకు కనిపించకపోతే పరువేం కావాలి? లక్షల ఏళ్లుగా చుక్క చుక్క నీరు రాలి కట్టిన సున్నపురాయి స్తంభాలు అవి. వాటి మీద చెయ్యి వేసి ఫొటో దిగి, పేరు రాయడానికి మొనదేలిన రాయి కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రైలు ప్రయాణం మాత్రం వదులుకోకూడదు. కొత్తవలస-కిరండుల్ మార్గాన్ని 1960ల్లో వేసింది మన విహారానికి కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి. మొత్తం 58 సొరంగాలు. 2017లో ఈ దారిన అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. సొరంగం వచ్చిందంటే పైకప్పు అద్దంలోంచి అచ్చమైన చీకటి కనిపిస్తుంది, అది చూడడానికే ఎక్కువ చార్జీ. చీకటి పడగానే పెట్టె పెట్టెంతా "ఓ..." అని అరుస్తుంది. చిన్నపిల్లలు రెండో సొరంగానికే మానేస్తారు, నలభై దాటినవాళ్లు అరకు దాకా అరుస్తారు. ఆ పట్టాల మీదే ఎదురొచ్చే ఇనుప ఖనిజం ఎంత మర్యాదగా వస్తుందో.

ఈ జనం తాకిడికి పరాయిచోట్ల మందు వెతుక్కుంటున్నారు. వెనిస్‌లో 2024లో కొన్ని ఎంచిన రోజుల్లో, ఊరు చూసి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్ల దగ్గర 5 యూరోలు పుచ్చుకున్నారు. టిక్కెట్టు పెట్టినా జనం వచ్చారు. టిక్కెట్టున్నదంటే చూడదగ్గదే అయ్యుంటుందని వాళ్లూ అనుకుంటారేమో. మద్రాసు హైకోర్టు ఆదేశంతో అదే ఏడాది మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ వచ్చింది. మనవాళ్లు పాస్ తీసుకుని, దాని స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెట్టి మరీ వెళుతున్నారు.

తెలుగువాణ్ని క్యూతో భయపెట్టాలనుకోవడం అమాయకత్వం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు తర్వాత కంపార్ట్‌మెంటు దాటి వచ్చిన జాతి మనది. తిరుపతి నుంచి వచ్చినవాణ్ని "దర్శనం ఎలా జరిగింది?" అని అడగం, "ఎన్ని గంటలు పట్టింది?" అని అడుగుతాం. గంటలో అయిపోయిందంటే మనకు అనుమానం, వాడికి అసంతృప్తి. అనంతగిరి ఘాట్‌లో కార్లు ఆగిపోయినా అంతే. ముందు తిట్టుకుంటారు. కాసేపటికి డిక్కీ తెరుచుకుని పులిహోర బయటికొస్తుంది, వెనక కారువాళ్ల ఊరేదో తెలుస్తుంది, వాళ్ల కోడలు మన పక్క వీధి పిల్లేనని తేలుతుంది. చుట్టూ కాఫీ తోటలు. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం పెట్టారు, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం ఆ తోట గట్టున నిలబడి "టీ ఉందా?" అంటాం.

అన్నట్టు, వలిసె పూల దగ్గర మనిషికింత అని రుసుము అడుగుతున్నారని కొందరికి మహా కోపం. "పూలు చూడడానికి కూడా డబ్బులా? గిరిజనులు కూడా కమర్షియల్ అయిపోయారు!" అన్నాడొక మిత్రుడు. ఆయన నగరంలో ఫ్లాట్లు అమ్ముతుంటాడు. వలిసె పూలతోట కాదు, నూనెగింజల పంట. పొలం మధ్యలో నిలబడి ఫొటో దిగాలని లోపలికి నడిస్తే కాలి కింద పడే మొక్క ఇక గింజ కట్టదు. రైతు మొదట బతిమాలాడు, తర్వాత కంచె కట్టాడు, చివరికి పదో ఇరవయ్యో అడగడం మొదలెట్టాడు. మన ప్రేమకు వాడు కట్టిన వెల అది. నా ఉద్దేశంలో తక్కువే కట్టాడు.

ఇంతకీ ఇప్పుడు వెళితే బాగుంటుందా అని అడుగుతారు. బాగుంటుంది. డిసెంబరు చివర్లో, సంక్రాంతి సెలవుల్లో మాత్రం మీరు చూసేది అరకును కాదు, అరకు వచ్చిన విశాఖనూ హైదరాబాదునూ. వానాకాలంలో ఓ మంగళవారం రైలెక్కండి. కొండ కొండకీ జలపాతం ఉంటుంది, పెట్టెలో సీటూ ఉంటుంది. కొండచరియలు విరిగిపడి రైలు రద్దయ్యే అవకాశమూ ఉంటుంది, అది మీ జాతకం. ఏ నెల, ఏ వారం మేలన్నది నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. లంబసింగికి మేం చేసిన మేలు చాలు.

వెళ్లినవాళ్లకు ఒక్క మనవి. తాగిన సీసాలు పొలాల్లో పగలగొట్టకండి. పూలు రాలాక వలిసె కోతకు ఆ చేలల్లో ఆడవాళ్లు చాలామంది చెప్పుల్లేకుండానే దిగుతారు.