ఆయనగారి సంతకం

దేశంలో సంతకాలకు విలువ పడిపోయిందనేవాళ్లకు మొగుడి సంతకం సంగతి తెలియదు. చెక్కు మీద చెల్లకపోవచ్చు గానీ, పెళ్లాం బతుకు మీద దానికి తిరుగులేదు.

ఆయన తలాక్ చెప్పాలంటే ఎవరి సంతకమూ అక్కర్లేదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఒక్క బిగిన ముమ్మారు అనేస్తే సరిపోయేది. ఇప్పుడు నెలకోసారి చొప్పున మూడు నెలలు గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఎంత శ్రమ, పాపం!

ఆవిడ విడిపోతానంటే అది ఖులా. సాబిత్ బిన్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికొచ్చి, భర్త గుణంలో, ధర్మనిష్ఠలో వంక లేదు గానీ కాపురం చెయ్యలేనంది. పెళ్లప్పుడు మెహర్‌గా తీసుకున్న తోట తిరిగిస్తావా అని ప్రవక్త అడిగారు. ఇస్తానంది. తోట పుచ్చుకుని ఆమెను వదిలెయ్యమని సాబిత్‌కు చెప్పారు. అయిపోయింది. వాయిదా లేదు, ‘పిల్లల మొహం చూసి సర్దుకుపో బేటీ’ లేదు.

ఇంత సులువుగా తేలితే పెద్దమనుషులకు పనేముంటుంది? భర్త ఒప్పుకుంటేనే ఖులా అని మెలిక పెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మన సామెత. ఇక్కడ పూజారి సరేనన్నా పెళ్లికొడుకు సరేననాలి. ఆయన ఊరికే అంటాడా? మెహర్ మాఫీ చెయ్యి, నగలు వదులుకో, పిల్లల ఖర్చు అడగకు. అన్నిటికీ ఆవిడ తలూపాక ఫోన్ ఎత్తడు.

తెల్లదొరల కాలంలో పంజాబు ఆడవాళ్లు కొందరు దీనికి దారి కనిపెట్టారు. మతం వదిలితే మొగుడూ వదిలేవాడు. అప్పుడు ఉలిక్కిపడ్డారు పెద్దలు. ఆవిడ నరకం పడుతోందని కాదు, మందలో తల తగ్గుతోందని! 1939లో విడాకుల చట్టం వచ్చింది. మొగుడు నాలుగేళ్లు అయిపు లేకపోయినా, రెండేళ్లు తిండి పెట్టకపోయినా కోర్టుకెళ్లి విడాకులు అడగొచ్చు. అంటే రెండేళ్లు పస్తుంటే అర్హత వస్తుందన్నమాట.

2021లో కేరళ హైకోర్టు, 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులాకు భర్త అంగీకారం అక్కర్లేదని తేల్చేశాయి. ముఫ్తీ ఖులానామా కూడా తప్పనిసరి కాదని మన హైకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిందెవరనుకున్నారు? వదిలించుకున్న భార్య కాదు, వదలనన్న భర్త.

ఇక కడుపు సంగతి. గర్భం రాకుండా జాగ్రత్తపడాలంటే మొగుడు పెళ్లాం అనుమతి అడగాలని పాత ఇస్లాం ధర్మశాస్త్ర పండితులు చాలామంది రాశారు. వాళ్లే నయం. ఈ కాలపు ఫత్వా తెల్లకోటు వేసుకుని ఆస్పత్రి కౌంటర్లో కూర్చుంటుంది. దానికి మతం లేదు, తాళి కట్టించుకున్నామెనూ మొగుడి సంతకమే అడుగుతుంది. గర్భస్రావానికి మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటి చాలునని 1971 చట్టమే చెబుతోంది. విడాకుల కాగితం చేతికి రాకపోయినా, విడిగా ఉంటున్నామెను భర్త సమ్మతి అడగొద్దని 2022లో కేరళ హైకోర్టు కూడా అంది. కౌంటర్లో అమ్మాయికి ఇవేవీ పట్టవు.

“మీవారు రాలేదామ్మా? సంతకం కావాలి.”

“ఆయన ఖులాకే సంతకం పెట్టట్లేదమ్మా.”

“అయితే ఇంకా మీవారేగా. తీసుకురండి.”