సన్యాసం పుచ్చుకున్న సారు

బల్ల మీద టీవీ చానెళ్ల మైకులు, వాటి వెనక జరీ అంచు శాలువా, ఆ శాలువాలో సారు. కుడిపక్కన జిల్లా ప్రధాన కార్యదర్శి కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నాడు. "నలభయ్యేళ్లు జనం కోసమే బతికా. ఇక చాలు. ఇవాళ్టి నుంచి రాజకీయాలకు సెలవు" అంటారు సారు. వెనక వరసలోంచి "వద్దన్నా! మమ్మల్ని అనాథల్ని చెయ్యొద్దన్నా!" అని ఓ కేక లేస్తుంది. ఆ కేక వెయ్యాల్సినవాడికి ముందురోజు రాత్రే కబురందింది. ముందు వరసలో కూర్చున్న విలేకరి ఇదే జిల్లాలో జుట్టు నెరిసినవాడు కాబట్టి కారణం జోలికి పోడు. "మరి అబ్బాయిగారు పోటీలో ఉంటారా సార్?" అని మాత్రం అడుగుతాడు. సారు సీలింగు ఫ్యాను కేసి చూసి, "అది కార్యకర్తలు, అధిష్ఠానం చూసుకోవాల్సిన విషయం" అంటారు. ఆ తర్వాత టిఫిన్ ప్యాకెట్లు వస్తాయి.

ఈ సారుది ఒక ఊరని చెప్పలేం, ఒక పార్టీ అని అసలే చెప్పలేం. నియోజకవర్గానికి ఒకరు చొప్పున ఉంటారు. వీళ్ల సన్యాసం పెళ్లిలో కొత్తల్లుడి అలకపాన్పు లాంటిది. అల్లుడు నిజంగా లేచిపోతాడని పందిట్లో ఒక్కరూ అనుకోరు. బండా, గొలుసా అన్నదొక్కటే తేలాలి. ఇక్కడ కార్పొరేషన్ చైర్మన్ పదవా, ఎమ్మెల్సీయా, అబ్బాయికి టికెట్టా అన్నది తేలేదాకా బుజ్జగించేవాళ్ల కార్లు వస్తూ పోతూ ఉంటాయి.

ఈ విద్యలో మనవాళ్లు మహారాష్ట్ర పెద్దాయన శరద్ పవార్ దగ్గర కొన్నాళ్లు శిష్యరికం చేయాలి. 2023 మే 2న ముంబైలో తన ఆత్మకథ ఆవిష్కరణకు అందర్నీ పిలిచి, ఆ వేదిక మీదే పార్టీ అధ్యక్ష పదవి వదిలేస్తున్నానన్నారాయన. నాయకులు అక్కడికక్కడే కన్నీళ్లు పెట్టుకున్నారు. మే 5న రాజీనామా వెనక్కి తీసుకున్నారు. ఆ మూడు రోజుల్లో ఎవరెంత ఏడ్చారో, ఎవరి కళ్లు పొడిగా ఉన్నాయో ఆయన గమనించకుండా ఉంటారా! అంత చూసుకున్నా రెండు నెలలు తిరక్కుండానే అన్నకొడుకు అజిత్ పవార్ పార్టీలో సగానికి పైగా ఎమ్మెల్యేలను వెంటేసుకుని ప్రభుత్వంలో చేరిపోయారు.

తెలుగువాళ్లకు ఇంత మెత్తటి నాటకం రుచించదు. మనకు పందెం కావాలి. "ఫలానా వాడు గెలిస్తే రాజకీయ సన్యాసం" అన్న మాట ఎన్నికల నెలలో మన టీవీల్లో రోజుకోసారైనా వినపడుతుంది. ఫలితాలొచ్చాక ఆ వీడియోను అవతలివాళ్లు వెతికి బయటపెడతారు. ఇవతలివాళ్లు అది ఎడిట్ చేసిన వీడియో అంటారు. అక్కడితో సరి.

మాట మీద నిలబడ్డవాళ్లు లేరని కాదు. 2024లో పిఠాపురంలో పవన్ కల్యాణ్‌ను ఓడిస్తానని, ఓడించలేకపోతే తన పేరు పద్మనాభరెడ్డిగా మార్చుకుంటానని ముద్రగడ పద్మనాభం శపథం పట్టారు. పవన్ 70 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. ముద్రగడ దరఖాస్తు పెట్టుకుని, గెజిట్‌లో వేయించుకుని మరీ పద్మనాభరెడ్డి అయ్యారు. పేరు మారింది గానీ రాజకీయం మానలేదు. పందెంలో ఆ రెండో సంగతి ఉన్నట్టు ఎవరూ అనలేదు కదా.

ఇంతకన్నా గట్టి పిండం లగడపాటి రాజగోపాల్. రాష్ట్రం విడిపోతే రాజకీయాల్లో ఉండనన్నారు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టి తోటి ఎంపీలను దగ్గించారు, ఏడిపించారు, కొందరిని ఆస్పత్రికి పంపించారు. విభజన బిల్లు మాత్రం ఆగలేదు. ఆయన అన్నట్టే తప్పుకున్నారు, ఆ తర్వాత ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. ఇది ఒప్పుకోవాలి. కాకపోతే చెయ్యి ఊరుకోదు కదా! సన్యాసాశ్రమంలోనూ సర్వేలు మానలేదు. ఆంధ్రా ఆక్టోపస్ అన్న బిరుదు ఉండనే ఉంది. 2018లో తెలంగాణ ప్రజాకూటమిదన్నారు. టీఆర్‌ఎస్‌కు 119లో 88 వచ్చాయి. 2019లో ఆంధ్ర తెలుగుదేశానిదన్నారు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 151 వచ్చాయి. దాంతో ఇక సర్వేలు కూడా చేయనని ప్రకటించారు. రాజకీయ సన్యాసం తర్వాత సర్వే సన్యాసం కూడా పుచ్చుకున్న ఘనత బహుశా ఆయనొక్కరిదే.

అసలు నాయకుడికి రిటైర్‌మెంట్ వయసు ఎంత? గుమాస్తాకైతే లెక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. ఆ లెక్కలు వేసే కుర్చీలో కూర్చున్నవాడికే లెక్క లేదు. 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన నెలకే ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించేశారు. వేల మంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. సంతకం పెట్టేనాటికి ఆయన వయసు 59. ఆ తర్వాత ముఖ్యమంత్రిగా ఉంటూనే కాషాయం కట్టారు. కాషాయం కట్టాక కుర్చీ దిగాలన్న నియమం ఏ ఫైల్లోనూ లేదు మరి.

మన సారింటికి వద్దాం. ప్రకటన చేసిన మొదటి వారం బాగానే ఉంటుంది. కాఫీలు, పరామర్శలు, ఫోన్లు. రెండో వారంలో వరండా మెట్ల దగ్గర చెప్పులు పలచబడతాయి. ఒకప్పుడు తమ చెప్పులు వెతుక్కోవడానికి జనం తంటాలు పడిన చోట ఇప్పుడు పనిమనిషివి, పాలవాడివి విడివిడిగా కనిపిస్తాయి. గన్‌మెన్ ఇద్దరిలో ఒకణ్ని వెనక్కి పిలిపిస్తారు. ఉన్న ఒక్కడూ కొత్త ఎమ్మెల్యే దగ్గర డ్యూటీ ఎలా వేయించుకోవాలా అని ఫోన్లో గుసగుసలాడుతుంటాడు.

అన్నిటికన్నా బాధ తిరుమల ఉత్తరం దగ్గర. పదవిలో ఉండగా సారు లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసిస్తే బ్రేక్ దర్శనం దొరికేది. ఆ ఉత్తరం కోసమే ఆయన్ని ఆరాధించినవాళ్లు మండలానికి వందల్లో ఉన్నారు. తెలుగునాట ఎమ్మెల్యే విలువకు అదే గీటురాయి. రాష్ట్రం విడిపోయాక తిరుమలలో తమ ఉత్తరాలు చెల్లడం లేదని తెలంగాణ ప్రజాప్రతినిధులు ఎంత గోల పెట్టారో గుర్తుందిగా! 2025 మార్చి నుంచి మళ్లీ తీసుకోవడం మొదలెట్టేదాకా అది రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారంగానే నడిచింది. ఇప్పుడు పాత అలవాటు కొద్దీ ఎవరో ఒకరు పొద్దున్నే వస్తారు. "సార్, మనవరాలి పుట్టెంట్రుకలు..." అని నసుగుతారు. సారు హుందాగా పెన్ను తీస్తారు. లెటర్‌హెడ్ మీద ఆయన పేరు కింద 'మాజీ' అన్న రెండక్షరాలు చూసి, వచ్చినవాడే మొహమాటపడి, "వద్దులెండి సార్, మూడొందల టికెట్టు ఆన్‌లైన్‌లో చూసుకుంటాం" అంటాడు. ఆ పూట సారు ఇడ్లీ సగంలో వదిలేస్తారు.

అందుకే వ్యవసాయం. రిటైరైన ప్రతి నాయకుడూ మొదట చెప్పే మాట ఇదే. విజయసాయిరెడ్డి 2028 దాకా రాజ్యసభ పదవీకాలం ఉండగా 2025 జనవరిలో రాజీనామా చేసి, ఏ పార్టీలోనూ చేరనని, ఇక సేద్యం చేసుకుంటానని అన్నారు. ఆ తర్వాత పంటల మీద కన్నా పాత పార్టీలోని కోటరీ మీదే ఆయన ఎక్కువ మాట్లాడారు. కానీ మట్టిలో నిజంగా కాలు పెట్టినవాడు ఎన్.రఘువీరారెడ్డి. ఏళ్ల తరబడి వ్యవసాయ మంత్రి, విభజన తర్వాత ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు. 2019 తర్వాత మడకశిర దగ్గర సొంతూరు నీలకంఠాపురం చేరి గడ్డం పెంచారు, గుళ్లు కట్టించే పనిలో పడ్డారు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో ఓటెయ్యడానికి మోపెడ్ మీద వెనకాల భార్యను కూర్చోబెట్టుకుని వచ్చారు. తెల్లగడ్డం, లుంగీ, మోపెడ్. ఎవరీ రైతు అని ఆరా తీసి రాష్ట్రమంతా ఆ ఫొటోను ఫోన్లలో తిప్పింది. రెండున్నరేళ్లు గడిచాయి. 2023 ఆగస్టులో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ జాబితా వచ్చింది, అందులో రఘువీరా పేరుంది.

పొలం అచ్చిరానివాళ్లకు పిల్లలున్నారు. కుందూరు జానారెడ్డి ఏడుసార్లు ఎమ్మెల్యే. 2018లో నాగార్జునసాగర్‌లో ఓడారు, 2021 ఉప ఎన్నికలోనూ ఓడారు. 2023లో తాను తప్పుకుని చిన్నకొడుకు జయవీర్‌ను నిలబెడితే గెలిచాడు. 2024లో పెద్దకొడుకు రఘువీర్ నల్గొండ లోక్‌సభ స్థానాన్ని 5 లక్షల 59 వేలకు పైగా మెజారిటీతో గెలిచాడు. తాను నిలబడితే రెండు ఓటములు, పక్కకు జరిగితే రెండు గెలుపులు. ఇంత లాభసాటి విరమణ తెలుగునాట ఇంకొకటి లేదు. అందరికీ ఈ యోగం పట్టదు. అనంతపురంలో 2019లో జేసీ దివాకర్‌రెడ్డి పక్కకు జరిగి కొడుకు పవన్‌ను నిలబెడితే ఓడిపోయాడు. విజయవాడలో కేశినేని నానికి వచ్చిన కష్టం మరీ విచిత్రం. 2024లో సొంత తమ్ముడి చేతిలోనే ఓడి, రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు. సీటు ఇంట్లోనే ఉంది, తన గదిలో లేదు.

ఇంతకీ మన సారు మంచివాడా, చెడ్డవాడా? బస్టాండు ముందు రెండు టీ కొట్లున్నాయి. ఒకదాంట్లో ఆయన దేవుడు: చెరువుకు నీళ్లు తెచ్చాడు, కాలేజీ తెచ్చాడు, అర్ధరాత్రి స్టేషనుకు ఫోన్ చేసి మనవాణ్ని విడిపించాడు. రెండో దాంట్లో ఆయన రాక్షసుడు: ఆ చెరువు మట్టి అమ్ముకున్నాడు, ఆ కాలేజీలో సీట్లు అమ్ముకున్నాడు, అర్ధరాత్రి స్టేషనుకు ఫోన్ చేసి మనవాణ్ని లోపలేయించాడు. రెండు కొట్లలోనూ చెప్పేది చాలావరకు నిజమే. ఆయన తప్పుకున్నాడని తెలిసిన సాయంత్రం దిగాలు పడింది మాత్రం రెండో కొట్టే. నలభయ్యేళ్లుగా తిట్టుకున్న మనిషి లేకపోతే సాయంత్రాలు గడిచేదెట్లా? ఆయన ప్రత్యర్థి కూడా తొలిసారి నోరారా పొగిడాడు: "అలాంటి నాయకుడు మళ్లీ రాడు." ఓట్లడగని మనిషిని పొగడడానికి ఖర్చేముంది!

ఇక ఆయన వదిలి వెళ్లేదేమిటంటే, ప్రధానంగా రాళ్లు. ఆయన వేసిన శంకుస్థాపన రాళ్లన్నీ పోగేస్తే ఒక వంతెన కట్టొచ్చు. ఆ రాళ్లు వేసింది వంతెన కోసమే, రానిది అదొక్కటే. ఉన్న బోర్డుల మీదైనా పేరు నిలుస్తుందా అంటే, పెద్దపెద్దవాళ్లకే దిక్కు లేదు. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం మీద ఎన్టీఆర్ పేరుండేది, 2022లో వైఎస్సార్ పేరొచ్చింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్. ఉచిత వైద్య పథకమూ ప్రభుత్వం మారినప్పుడల్లా ఇద్దరి మధ్యా చేతులు మారుతూనే ఉంది. రోగి మాత్రం ఎవరి హయాంలోనైనా "ఆరోగ్యశ్రీ ఉందా సార్?" అనే అడుగుతాడు.

నిజంగా మూటాముల్లె సర్దుకున్న మనిషి మనలో ఒకాయన ఉన్నాడు. 1991లో పీవీ నరసింహారావు లోక్‌సభకు పోటీయే చేయలేదు. ఢిల్లీ ఇంట్లో పుస్తకాలు పెట్టెలకెక్కాయి. కుర్తాళం పీఠాధిపత్యం స్వీకరించమన్న పిలుపు కూడా వచ్చింది, అంటే అచ్చమైన సన్యాసమే. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది, జూన్ 21న పీవీ ప్రధాని అయ్యారు. విలేకరుల్ని పిలవకుండా, ఎవరితోనూ కేకలు వేయించకుండా సర్దుకున్నవాడికే పెద్ద కుర్చీ దక్కడం మన సార్లందరికీ ఈర్ష్య పుట్టించే సంగతి. కానీ ఆయన కథలో తర్వాతి భాగం వాళ్లు చదవరు. 2004 డిసెంబరులో ఆయన పార్థివదేహానికి సొంత పార్టీ ప్రధాన కార్యాలయం గేటు తెరుచుకోలేదు. ఆర్థిక సంస్కరణలకు మొక్కేవాళ్లూ, బాబ్రీ మసీదు కూలుతుంటే ఏం చేశాడని నిలదీసేవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. 2024లో భారతరత్న వచ్చింది. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే. విమానం టైమైపోతోందని ఆ దారంట పరుగెత్తేవాళ్లకు మాత్రం అది వట్టి ఎక్స్‌ప్రెస్‌వే.

మన సారుకు పీఠం పిలుపు రాలేదు గానీ ఊరి గుడి కమిటీ వచ్చింది. "రాజకీయం కాదు సార్, దేవుడి పని. గౌరవాధ్యక్షులుగా ఉండండి చాలు" అన్నారు. సారు కళ్లు మూసుకుని నమస్కారం పెట్టి ఒప్పుకున్నారు. నెల తిరిగేసరికి కమిటీలో రెండు ప్యానెళ్లు, రథం వీధికి ఆ చివరొక ఫ్లెక్సీ, ఈ చివరొక ఫ్లెక్సీ. సర్దిచెప్పమని రెండు పక్షాలూ ఇంటికొచ్చాయి. చాన్నాళ్లకు వరండా మెట్ల మీద చెప్పులు కుప్పపడ్డాయి. సారు అందరికీ కాఫీలు ఇప్పించి, తాను ఎవరి పక్షమూ కాదనీ, అన్నీ వదిలేసుకున్న మనిషిననీ వివరంగా చెప్పారు. తర్వాత తనవాళ్లలో ఒకణ్ని వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు: "దేవుడి దయ, ఎవరు గెలిచినా నాకొకటే. ప్రసాదం కాంట్రాక్టు మాత్రం వాళ్లకి పోకూడదు."