లోకో పైలట్‌కి సైకో టెస్టు, ముఖ్యమంత్రికి సీల్డ్ కవరు

బిలాస్‌పూర్‌లో రైలింజను నడపాలంటే మనిషికి తల ప్రాణం తోకకొస్తుంది. ముందు రాతపరీక్ష. అది గట్టెక్కితే ఆప్టిట్యూడ్ పరీక్ష. కాలనీలో చిన్నా పెద్దా సైకో టెస్టు అనేది దాన్నే. ఆ తర్వాత రైల్వే ఆసుపత్రిలో ఏ-వన్ మెడికల్. కంటిచూపులో పిసరంత తేడా ఉన్నా ఇంకో ఉద్యోగం చూసుకోమంటారు. ట్రైనింగు ముగిశాక ఏళ్ల తరబడి అసిస్టెంటుగా పక్క సీట్లో కూర్చుని సిగ్నళ్లు పైకి చదవాలి. కొత్త సెక్షనులోకి బండి తీసుకెళ్లాలంటే ముందుగా పగలూ రాత్రీ ఆ దారిన తిరిగి, ఏ మలుపు దాటాక ఏ సిగ్నల్ వస్తుందో, ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో కంఠతా పట్టి, ఈ రోడ్డు నాకు వచ్చని సంతకం పెట్టాలి. ఇంత చేసి సీనియరయినా, డ్యూటీ ఎక్కేముందు క్రూ లాబీలో యంత్రంలోకి ఊది తాగలేదని రుజువు చేసుకోవాలి.

అదే బిలాస్‌పూరును, దాంతోపాటు ఛత్తీస్‌గఢ్ మొత్తాన్నీ నడపాలంటే మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ఢిల్లీ నుంచి ఒక పేరు వస్తే చాలు. ఊదే యంత్రం సంగతి దేవుడెరుగు, రోడ్డు తెలుసా అని అడిగే నాథుడు కూడా ఉండడు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఈ ఊళ్లో ఉన్నారు. ఇంట్లో తెలుగు, బుధవారీ బజారులో హిందీ, ఓటు ఛత్తీస్‌గఢ్‌లో. రెండు వైపుల రాజకీయమూ చూస్తున్నవాళ్లు కాబట్టి వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఏ పార్టీవాడు వచ్చి ప్రజాస్వామ్యం గురించి ఉపన్యాసం దంచినా, రెండు భాషల్లో నవ్వుకోవచ్చు.

2000 నవంబరు 1న ఈ రాష్ట్రం పుట్టింది. బిడ్డ భూమ్మీద పడకముందే పీఠం కోసం పోరు మొదలైంది. సీనియర్ కాంగ్రెస్ నేత విద్యాచరణ్ శుక్లా అది తనదే అనుకున్నారు. హైకమాండ్ మనసులో ఉన్న పేరు వేరు. ఆ వ్యవహారం చక్కబెట్టడానికి వచ్చిన అప్పటి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి దిగ్విజయ్ సింగ్ శుక్లా ఫామ్‌హౌసులో అడుగుపెడితే, అక్కడి అనుచరులు ఆయన మీద చేయి చేసుకున్నారు. నాయకుడి ఎంపికలో కార్యకర్త అభిప్రాయం ఇంత నేరుగా నమోదైన సందర్భం కాంగ్రెస్ చరిత్రలో మరొకటి ఉందనుకోను.

గద్దెనెక్కిన అజిత్ జోగి కలెక్టరుగా చేసిన మనిషి, బిలాస్‌పూర్ జిల్లా బిడ్డ, తెలివికి లోటు లేదు. లోటల్లా శాసనసభలో సీటు. దానికీ మార్గం దొరికింది. మర్వాహీ బీజేపీ ఎమ్మెల్యే రామ్‌దయాళ్ ఉయికే తన సీటు ఖాళీ చేసి ఇచ్చి కాంగ్రెస్‌లో చేరారు. అదే ఉయికే 2018 ఎన్నికల ముందు, కాంగ్రెస్ రాష్ట్ర వర్కింగ్ ప్రెసిడెంటుగా ఉంటూనే, తిరిగి బీజేపీ గూటికి చేరారు. జోగి ఆ సరికే సొంత పార్టీ పెట్టుకున్నారు.

రాష్ట్రం పుట్టిన ఆ నవంబరులోనే ఢిల్లీలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక జరిగింది. సోనియా గాంధీకి 7,448 ఓట్లు. ఎదురు నిలబడిన జితేంద్ర ప్రసాదకు 94. ఈ 94ను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

2018 డిసెంబరులో 90 సీట్లకు 68 గెలిచిన కాంగ్రెస్‌కు ముఖ్యమంత్రిని తేల్చడానికి రోజులు పట్టాయి. పోటీలో నలుగురు: భూపేశ్ బఘేల్, టి.ఎస్. సింగ్‌దేవ్, తామ్రధ్వజ్ సాహు, చరణ్‌దాస్ మహంత్. రాహుల్ గాంధీ నలుగురినీ పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగి, కలిసి ఆడితేనే గెలుపనే అర్థం వచ్చే సూక్తి ఒకటి తగిలించి జనం మీదికి వదిలారు. ఓటేసినవాడికి ముఖ్యమంత్రి పేరు కావాలి, చేతికొచ్చింది గ్రూప్ ఫొటో. చివరికి బఘేల్ ప్రమాణం చేశారు. వెనకాలే రెండున్నరేళ్ల ఒప్పందం అనే మాట బయల్దేరింది. సగం కాలం కాకా, సగం కాలం బాబా అన్నారు. కాకా అంటే బఘేల్, బాబా అంటే సర్గుజా రాజవంశీకుడు సింగ్‌దేవ్. ఒప్పందం ఉందని ఎవరూ కాగితం చూపలేదు, లేదని ఎవరూ ఒట్టు వేయలేదు. ఆ గడువు దాటాక, 2021 ఆగస్టులో ఎమ్మెల్యేలు గుంపులుగా విమానాలెక్కి ఢిల్లీలో దిగారు. తమ నాయకుడెవరో రాయ్‌పూర్‌లో కూర్చుని తేల్చుకోవాల్సినవాళ్లు, ఆ మాట విన్నవించుకోవడానికి ఢిల్లీ దాకా పోయారన్నమాట.

2023 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ప్లీనరీకి రాయ్‌పూరే వేదికైంది. వర్కింగ్ కమిటీకి ఎన్నికలు పెట్టాలా వద్దా అన్నది మొదటి రోజు చర్చ. పెట్టొద్దని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎన్నికలు వద్దన్న విషయంలో కూడా భిన్నాభిప్రాయం లేకపోవడం ఆ పార్టీ క్రమశిక్షణకు తార్కాణం. మర్నాడు ప్రియాంక గాంధీ విమానం దిగితే దారి పొడవునా గులాబీ రేకులు పరిచారు. రోడ్డు కనపడనంతగా పరిచారు. ఆ డిసెంబరులో 68 కాస్తా 35 అయింది. అంబికాపూర్‌లో సింగ్‌దేవ్ ఓడిపోయారు. ఎన్ని ఓట్లతో అంటారా? 94.

ఇదంతా చూసి బీజేపీవాళ్లు కిసుక్కున నవ్వక్కర్లేదు. ఆ డిసెంబరులో మూడు రాష్ట్రాల్లో వాళ్ల ముఖ్యమంత్రులు వరసగా మూడు రోజుల్లో ఊడిపడ్డారు. జైపూర్‌లో రాజ్‌నాథ్ సింగ్ అందించిన చీటీ విప్పి చూసిన వసుంధరా రాజే ముఖం దేశమంతా చూసింది. రెండుసార్లు ముఖ్యమంత్రిగా చేసిన ఆవిడ చేతనే, మొదటిసారి ఎమ్మెల్యేగా గెలిచిన భజన్‌లాల్ శర్మ పేరు ప్రతిపాదింపజేశారు. అంతకుముందు దిగిన గ్రూప్ ఫొటోలో ఆయన వెనక వరసలో ఉన్నారు.

మన ఛత్తీస్‌గఢ్‌లో వచ్చిన పేరు విష్ణుదేవ్ సాయ్. 2019లో రాష్ట్రంలోని సిట్టింగ్ ఎంపీలందరికీ టికెట్ ఎగ్గొట్టినప్పుడు ఆయనదీ పోయింది. తర్వాత రాష్ట్ర అధ్యక్షుణ్ణి చేశారు. 2022 ఆగస్టు 9న, సరిగ్గా ప్రపంచ ఆదివాసీ దినం నాడే, ఈ ఆదివాసీ నేతను దించి బిలాస్‌పూర్ ఎంపీ అరుణ్ సావ్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. 16 నెలలు తిరిగేసరికి దిగినాయన ముఖ్యమంత్రి, ఎక్కినాయన ఉప ముఖ్యమంత్రి. సాయ్ అసమర్థుడని నేననను. ఊరి సర్పంచి నుంచి కేంద్ర సహాయమంత్రి దాకా ఒక్కో మెట్టూ ఎక్కిన మనిషి. కానీ 2022లో పార్టీ నడపడానికి చాలని వ్యక్తి 2023లో రాష్ట్రం నడపడానికి ఎలా సరిపోయారు? మధ్యలో మారింది ఆయనా, పైవాళ్ల లెక్కా? జవాబు చెప్పాల్సినవాళ్లను అడిగే హక్కు ఆ పార్టీ ఎమ్మెల్యేకే లేదు, మీకూ నాకూ ఎక్కడిది?

ఇక పుట్టింటి సంగతి. సీల్డ్ కవరు విద్యలో మనం ఎవరికీ తీసిపోం. 1978కీ 1983కీ మధ్య ఆంధ్రప్రదేశ్‌కు కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను పంపింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ అవమానం మీదే ఎన్టీఆర్ పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో అధికారం కొట్టారు. అదే ఎన్టీఆర్‌ను 1995 ఆగస్టులో సొంత ఎమ్మెల్యేలు దించారు. మన దగ్గర ఎమ్మెల్యేలు నాయకుణ్ణి తామే మార్చుకున్న ఆ ఒక్క ముచ్చటకీ వైస్రాయ్ హోటల్ గదులు కావాల్సి వచ్చాయి. 2022 జులైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ ఇంకో అడుగు ముందుకేసి జగన్‌ను జీవితకాల అధ్యక్షుణ్ణి చేసేసింది. శాశ్వత పదవులు కుదరవని ఎన్నికల సంఘమే అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. చంద్రబాబు, కేసీఆర్ పార్టీల్లో అంత తొందర కూడా లేదు. ఇద్దరూ ఎప్పటికప్పుడు ఏకగ్రీవం. నామినేషన్ వేసే రెండో మనిషి ఇన్నేళ్లలో పుట్టకపోవడం తెలుగునేల దురదృష్టమనుకోవాలి.

పార్టీల్లో లేని పోటీ రైలుపట్టాల మీద ఉంది. 2024 డిసెంబరులో రైల్వేలో యూనియన్ గుర్తింపు ఎన్నికలు జరిగాయి. రహస్య ఓటింగ్. పట్టాల మీద సుత్తి పట్టుకు తిరిగే ట్రాక్‌మన్ లైన్లో నిలబడి, ఎవరూ చూడకుండా ముద్ర వేసి వచ్చాడు. అంతకుముందు 2013లో పెట్టిన ఎన్నిక, మధ్యలో పదకొండేళ్లు నాన్చారు, అది వేరే పాపం. రెంచీ పట్టుకుని ఎన్నేళ్లయిందో తమకే గుర్తులేని నేతలు యూనియన్లలో ఉన్నారు, అదీ నిజమే. అయినా పోలింగ్ జరిగిన ఆ మూడు రోజులూ వాళ్లు షెడ్ల చుట్టూ, గ్యాంగ్ హట్ల చుట్టూ చెమటలు కక్కుతూ తిరిగారు. ఓటు పడకపోతే గుర్తింపు పోతుందన్న భయం అంత పని చేస్తుంది.

ఇదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల మధ్య నాయకుడిగా ఎదిగిన బరంపురం తెలుగువాడు వి.వి.గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఓడిపోయింది కాంగ్రెస్ అధికార అభ్యర్థి, మరో తెలుగువాడు నీలం సంజీవరెడ్డి. ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు, వేశారు. మన పార్టీల్లో అంతరాత్మ పలకాలన్నా పైనుంచి ఆదేశం రావాలి.

ఎన్నిక పెడితే మంచి నాయకుడే వస్తాడా అని మీరడగొచ్చు. రాడు, గ్యారంటీ లేదు. 2022లో బ్రిటన్ కన్జర్వేటివ్ సభ్యులు 81,326 ఓట్లేసి లిజ్ ట్రస్‌ను గెలిపించారు. ఏడు వారాలకే ఆవిడ కుర్చీ దిగారు. తప్పు ఎంచుకున్నారు, తప్పని తెలియగానే ఆ పార్టీ ఎంపీలే ఒత్తిడి తెచ్చి దించేశారు. హోటల్ గదుల అవసరం రాలేదు.

నవ్వు ఇక్కడితో ఆపుతాను. 2025 నవంబరు 4న గెవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెమూ, ముందున్న గూడ్సును గుద్దింది. పదిమందికి పైగా పోయారు. ఆప్టిట్యూడ్ పరీక్ష పాసవని వ్యక్తికి ప్యాసింజరు బండి అప్పగించారని రైల్వే భద్రతా కమిషనర్ ప్రాథమిక నివేదిక చెప్పింది. పోయినవాళ్లలో ఆ డ్రైవరూ ఉన్నాడు. అతన్ని తిట్టడం తేలిక. అడగాల్సింది బండి అతని చేతికిచ్చినవాళ్లను. ఆ మాత్రం ఇంగితం మనకు రైలు విషయంలో ఉంది.

ఇంజనులో మామూలుగా ఇద్దరుంటారు. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటేస్తుంటే పక్కనున్న అసిస్టెంటు ఎమర్జెన్సీ బ్రేకు వేయొచ్చు, వేసి తీరాలి కూడా. అది ధిక్కారం కాదు, డ్యూటీ. రేపు డ్రైవరు కాబోయేదీ అతనే. మన పార్టీల్లో పక్క సీటు ఖాళీగా ఉంటుంది, లేదా కొడుకు కూర్చుంటాడు. బ్రేకు మీద చేయి వేసినవాణ్ణి వచ్చే స్టేషన్లో దించేస్తారు. నా దృష్టిలో మంచి నాయకుడంటే పక్క సీట్లో ఒక సమర్థుణ్ణి కూర్చోబెట్టుకుని, ఆ బ్రేకు పనిచేసేలా ఉంచినవాడు. నిజాయితీ, వాక్చాతుర్యం, పాదయాత్ర అన్నీ ఆ తర్వాతే.

2028లో ఛత్తీస్‌గఢ్‌కూ తెలంగాణకూ మళ్లీ ఎన్నికలు, ఆ మరుసటి ఏడు ఆంధ్రా వంతు. కండువా వేసుకుని గుమ్మంలోకి వచ్చినవాణ్ణి రోడ్డు గురించీ రేషన్ కార్డు గురించీ తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకో మాట కూడా అడగండి: మీ నాయకుణ్ణి ఎవరు ఎన్నుకున్నారు, వద్దనుకుంటే దించేదెవరు? తడుముకోకుండా జవాబు చెప్పినవాడికే ఓటేయండి.