హాలీ మాస్టారు

భద్రాచలం కరకట్ట దగ్గర టీకొట్టు బల్ల మీద పొద్దున్నే దొరుకుతాడాయన. రిటైరైన లెక్కల మాస్టారు. జేబులో భూతద్దం, చేతిలో గుడ్డసంచి, సంచిలో ఎవరికీ అమ్మని నాణేలు. పాతూళ్ళన్నిటికీ ఇలాంటివాడు ఒకడుంటాడు.

ఆయనతో డబ్బు వ్యవహారం పెట్టుకోకూడదు. ఏడు వందలు అప్పు తీసుకుని ఆరు వందలు తిరిగిస్తాడు. అడిగితే చరిత్ర చెబుతాడు.

"1860లో మన భద్రాచలం ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. ఏరు దాటితే బూర్గంపాడు నైజాం. ఇక్కడ కల్దారు రూపాయి, అక్కడ హాలీ సిక్కా. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. నువ్విచ్చింది హాలీ అనుకున్నాను నాయనా!"

తానిచ్చిన అప్పయితే మాత్రం అది ఎప్పుడూ కల్దారే. 1959తోనే హాలీ చెలామణీ పోయిందని ఆయనకు గుర్తుచేసే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

టీ రెండోది వస్తే గద్వాల, నారాయణపేట సంస్థానాల వెండి రూపాయలు బయటికొస్తాయి. సంస్థానానికో టంకసాల, ఊరికో మారకం! నైజాం దివాను సాలార్‌జంగు వచ్చి ఆ టంకసాలలు మూయించేదాకా సాహుకార్లకు పండగే. మూడో టీకి ఫ్రాన్సు చేరతాడు. అక్కడా కౌంట్లు, బిషప్పులు ఎవరి వెండి దెనియే నాణేలు వాళ్ళు కొట్టించుకునేవారట. వాళ్ళ నాణెం వాళ్ళ జాగీరు దాటకూడదని పదమూడో శతాబ్దంలో తొమ్మిదో లూయీ కట్టడి చేశాడట. "మన నైజామే నయం," అని తీర్పు చెప్పి టీ డబ్బులు పక్కవాడి ఖాతాలో రాయిస్తాడు.

మొన్నొక కుర్ర యాత్రికుడు శ్రీరామ పట్టాభిషేకం బొమ్మ, 1818, ఈస్టిండియా కంపెనీ పేరూ ఉన్న ఇత్తడి బిళ్ళ తెచ్చి, యాభై లక్షలు పలుకుతుందటగా అన్నాడు.

"కంపెనీవాడు రాముణ్ణి నాణెం మీద వేయలేదు బాబూ. ఇది పూజలో పెట్టుకునే టంకా. బియ్యం గింజల్ని లాగుతుందని ఎవడన్నా అంటే ముందు నీ పర్సు తడుముకో."

కుర్రాడికి ఉక్రోషం వచ్చింది. "మరి రామదాసు బాకీ కింద రాముడు తానీషాకిచ్చిన మొహరీలు ఏ టంకసాలవి మాస్టారూ?"

మాస్టారు భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు. "మీ నాన్న ఫీజు కట్టినప్పుడు ఆ నోట్లు ఎక్కడ అచ్చయ్యాయో అడిగావా?"

కుర్రాడు నోరు మూసుకున్నాడు. పోతూ పోతూ, దారిఖర్చుకని మాస్టారు అడిగిన ఏడు వందలు చేతిలో పెట్టి మరీ వెళ్ళాడు.